పొడి పొట్లమా? పెరుగు కుండా? పిల్లల కడుపుకు ఏది రక్ష?

శ్రీకాకుళం (మా విలేకరి):

తొలకరి పడి చెరువుల్లోకి ఎర్రనీరు చేరిందంటే చంటిపిల్లల తల్లులకు గుండెల్లో దడ మొదలవుతుంది. బోరింగు దగ్గర బురద, వీధి కుళాయి చుట్టూ మురుగు, ఇంటి నిండా ఈగలు. ఇంకేముంది, ఒక ఇంట్లో పిల్లకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే వారం తిరగకుండా వీధి వీధంతా అదే మాట వినబడుతుంది.

ఇదివరకు ఇటువంటప్పుడు పళ్లు వస్తున్నాయనో, దిష్టి తగిలిందనో సరిపెట్టుకునేవారు. ఇప్పుడు జనం మందుల షాపుకు వెళ్తున్నారు. "బాబూ, మనవడికి రాత్రి నుంచి నీళ్లలాగా అయిపోతున్నాయి. ఏదైనా మందియ్యి" అని నాయనమ్మ అడుగుతుంది. "ఈ పొడి పట్టించమ్మా. కడుపులో మంచి క్రిములు పెరుగుతాయి" అని నాలుగు పొట్లాలు చేతిలో పెడతారు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీటి మందు ఇచ్చే వారూ ఉన్నారు. వీటినే డాక్టర్లు ప్రోబయోటిక్‌లు అంటారు.

ఈ పొడి మంచిదా, చెడ్డదా అన్నది ఒక ప్రశ్న. దానికంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. చేతిలో ఉన్న డబ్బు పొడికి ఖర్చయిపోయి, అసలు పట్టించవలసిన ఉప్పు, చక్కెర నీళ్లు పట్టించకపోతే ఆ బిడ్డ గతి ఏమిటి? విరేచనాల్లో పిల్లల ప్రాణం తీసేది ముఖ్యంగా ఒంట్లో నీరు, లవణాలు పోవడమే. కనుక ఈ మంచి క్రిముల కథ ఏమిటో, అవి ఎంతవరకు పనికివస్తాయో, ఎక్కడ పనికిరావో ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసి ఉన్నది.

మంచి క్రిములంటే ఏమిటి?

క్రిమి అనగానే రోగం గుర్తుకు రావడం సహజం. కాని మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. వాటిలో చాలా భాగం మనకు హాని చేయవు. పైగా తిన్నది అరగడానికి సాయపడతాయి, కొన్ని విటమిన్లు తయారు చేస్తాయి, బయటి నుంచి వచ్చిన రోగక్రిములకు చోటు దొరకకుండా చేస్తాయి. పొలం నిండా వరి దట్టంగా పెరిగితే కలుపుకు చోటు ఉండదు గదా, అలాగన్నమాట.

తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఒంటికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులనే ప్రోబయోటిక్‌లు అనాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణులు 2001లో నిర్వచించారు. ఇందులో మూడు మాటలు గమనించాలి. క్రిమి బతికి ఉండాలి. మోతాదు తగినంత ఉండాలి. మేలు చేస్తుందని రుజువై ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అది ఉత్త పొడి మాత్రమే.

తొలి వరం తల్లి పాలు

బిడ్డ కడుపులోకి మంచి క్రిములు రావడం పుట్టుకతోనే మొదలవుతుంది. వాటిని పెంచి పోషించేవి తల్లి పాలు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన హెన్రీ టిస్సియే అనే వైద్యుడు 1899-1900 ప్రాంతంలో తల్లి పాలు తాగే పిల్లల మలాన్ని పరీక్షించి, చీలిన కొమ్మలాంటి ఆకారంతో ఉన్న ఒక రకం క్రిములను కనుగొన్నాడు. వాటినే ఇప్పుడు బిఫిడో బాక్టీరియా అంటున్నారు. విరేచనాలు పట్టిన పిల్లలకు ఈ క్రిములను ఇస్తే మేలని చెప్పిన తొలి వారిలో ఆయన ఒకడు.

తల్లి పాలలో ఒక విచిత్రం ఉన్నది. అందులో కొన్ని రకాల చక్కెరలు బిడ్డకు అరగనే అరగవు. మరి అవి ఎవరి కోసం? ఈ బిఫిడో క్రిముల కోసం! బిడ్డకు అన్నం పెట్టే తల్లి, బిడ్డ కడుపులో కాపలా కాసే క్రిములకు కూడా అన్నం పెడుతున్నదన్నమాట. ఈ పని ఏ డబ్బాపాలూ తల్లి పాలకు సమంగా చేయలేవు.

అందుకే పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలనీ, ఆరు నెలలు నిండేవరకు తల్లి పాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దనీ డాక్టర్లు చెబుతారు. విరేచనాలు పట్టినప్పుడు పాలు మాన్పిస్తే విరేచనాలు కడతాయన్న నమ్మకం మన పల్లెల్లో ఇంకా పోలేదు. ఇది చాలా ప్రమాదకరమైన నమ్మకం. అటువంటప్పుడే బిడ్డకు మరిన్నిసార్లు పాలివ్వాలి.

పెరుగు నుంచి పొడి దాకా

టిస్సియే పనిచేసిన పాశ్చర్ సంస్థలోనే మెచ్నికోఫ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్న మనిషి. బల్గేరియా పల్లెల్లో పుల్లని పెరుగు తినే రైతులు చాలాకాలం బతుకుతున్నారనీ, పెరుగులోని క్రిములే అందుకు కారణమై ఉంటాయనీ ఆయన 1907లో ఒక పుస్తకంలో రాశాడు. బల్గేరియా పెరుగులోని క్రిమిని అంతకు రెండేళ్ల ముందు, 1905లో, స్టామెన్ గ్రిగోరోవ్ అనే ఆ దేశపు యువ వైద్య విద్యార్థి కనుగొన్నాడు.

1923లో హెన్రీ బూలార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, కలరా చెలరేగుతున్న ఇండోచైనాలో అక్కడి జనం లిచీ, మంగుస్తాన్ పండ్ల తొక్కలతో కషాయం కాచుకుని తాగడం చూశాడు. ఆ పండ్ల నుంచి ఒక రకం ఈస్టును వేరు చేశాడు. ఈ రోజు మన మందుల షాపుల్లో ఇస్తున్న పొట్లాల్లో కొన్నింటిలో ఉన్నది ఆయన పేరు పెట్టిన ఈస్టే. 1930లో జపాన్‌లో షిరోటా అనే వైద్యుడు మరో క్రిమిని పెంచి, 1935 నుంచి దానిని చిన్న సీసాల్లో పానీయంగా అందించాడు.

ఇంత దూరం చెప్పడం ఎందుకంటే, పొట్లంలోని మందు ఆకాశం నుంచి ఊడిపడలేదు. పల్లె జనం తినే తిండి నుంచి, తాగే కషాయం నుంచి శాస్త్రవేత్తలు నేర్చుకున్నదే అది.

మన కుండల్లో ఉన్నదేమిటి?

మన ప్రాంతంలో పులిసిన తిండికి కొదవ లేదు. పెరుగు, మజ్జిగ సరే సరి. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉదయం తినే చల్దన్నం, గంజి పులియబెట్టిన తరవాణి, చోడి అంబలి మన తాతముత్తాతల నాటివి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా వారు నీళ్లన్నాన్ని పొఖాళ అని పిలిచి ఇష్టంగా తింటారు.

వీటిలో పెరుగు, మజ్జిగ, చల్దన్నం, తరవాణి పచ్చిగానే తింటాం కనుక బతికున్న క్రిములు ఉంటాయి. అంబలి పిండిని పులియబెట్టిన తర్వాత ఉడికిస్తే క్రిములు చచ్చిపోతాయి. ఇడ్లీ పిండి సంగతీ అంతే. ఆవిరికి ఉడికాక అందులో బతికున్న క్రిములు ఉండవు. అయినా నష్టం లేదు. పులియడం వల్ల పిండి తేలికగా అరుగుతుంది. చోళ్లలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుకునే పదార్థమూ తగ్గుతుంది.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ రకం క్రిమి, ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు. కనుక శాస్త్రం చెప్పే నిర్వచనం ప్రకారం దానిని మందు అనడానికి వీలులేదు. మంచి తిండి అనడానికి మాత్రం ఏ సందేహమూ అక్కర్లేదు. విరేచనాలు పట్టిన పిల్లల్లో కొందరికి పాలలోని చక్కెర కొన్నాళ్లు అరగదు. పాలు తోడుకునేటప్పుడు పెరుగులోని క్రిములు ఆ చక్కెరను కొంత తినేస్తాయి. మిగిలినదాన్ని అరిగించడానికీ సాయపడతాయి. అందువల్ల మామూలు పాల కంటే పెరుగు అటువంటి పిల్లలకు బాగా పడుతుంది.

ఆరు నెలలు దాటిన పిల్లలకు మెత్తగా పిసికిన పెరుగన్నం పెట్టవచ్చు. కొద్దిగా ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, ఉప్పు వేసిన గంజి తాగించవచ్చు. అయితే ఒక షరతు. కుండ శుభ్రంగా ఉండాలి. మజ్జిగలో కలిపే నీరు కాచి చల్లార్చినదై ఉండాలి. చెరువు నీళ్లు పోసి చిలికిన మజ్జిగలో మంచి క్రిములతో పాటు రోగక్రిములూ ఉంటాయి. ఆరు నెలల లోపు బిడ్డకు పెరుగు, మజ్జిగ ఏదీ పెట్టకూడదు.

పొడిని పరీక్షకు పెడితే...

మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉన్నది. కొందరు పిల్లలకు అసలు మందు, మరి కొందరికి అదే రుచితో ఉత్త పొడి ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకూ, డాక్టరుకూ కూడా తెలియనివ్వరు. చివరికి లెక్క చూస్తారు.

వాంతులు, విరేచనాలతో ఆస్పత్రులకు వచ్చిన పిల్లలపై ఇటువంటి రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2018 నవంబరులో వెలువడ్డాయి. ఒకటి అమెరికాలో 971 మంది పిల్లలపైనా, మరొకటి కెనడాలో 886 మందిపైనా జరిగాయి. రెండు చోట్లా అయిదు రోజులు మందు ఇచ్చారు. అమెరికాలో ప్రోబయోటిక్ తీసుకున్న పిల్లలకు విరేచనాలు ఉన్న కాలం సుమారు 50 గంటలు. ఉత్త పొడి తీసుకున్న పిల్లలకు సుమారు 51 గంటలు. అంటే తేడా లేదన్నమాట. కెనడాలోనూ మందు వల్ల ప్రయోజనం కనిపించలేదు.

2020లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 82 పరీక్షలను, అందులో పాల్గొన్న 12,127 మంది వివరాలను ఒక చోట చేర్చి చూసింది. వీరిలో ఎక్కువ మంది పిల్లలే. రెండు రోజులు దాటి విరేచనాలు సాగే వారి సంఖ్యలో ప్రోబయోటిక్‌ల వల్ల పెద్ద తేడా ఉండకపోవచ్చునని తేల్చింది. పొడి వేసిన మూడో రోజుకు విరేచనాలు తగ్గాయని మనం అనుకుంటాం. కాని చాలామంది పిల్లల్లో పొడి వేయకపోయినా ఆ పాటికి తగ్గుముఖం పట్టేవే.

మేలు కనిపించిన చోట్లు

అలాగని ప్రోబయోటిక్‌లు మొత్తం దండగ అని కొట్టిపారేయడానికి వీలులేదు. కొన్ని చోట్ల మేలు స్పష్టంగా కనిపించింది.

మొదటిది యాంటీబయోటిక్ మందులు వాడినప్పుడు. ఆ మందులు రోగక్రిములతో పాటు పేగుల్లోని మంచి క్రిములనూ చంపుతాయి. దాంతో కొందరు పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఈ విషయంపై 6,352 మంది పిల్లలతో జరిగిన 33 పరీక్షలను 2019లో కలిపి చూశారు. ప్రోబయోటిక్ లేనివారిలో నూటికి 19 మందికి విరేచనాలు రాగా, తీసుకున్నవారిలో నూటికి 8 మందికే వచ్చాయి. ఇది తక్కువ మేలు కాదు. అయితే నీళ్ల విరేచనాలకు చాలాసార్లు యాంటీబయోటిక్ అవసరమే ఉండదు. అవసరం లేని మందు వేయించి, దాని చెడుగును పోగొట్టడానికి ఇంకో మందు కొనడం తెలివైన పని కాదు.

రెండవది కలకత్తాలో. మురికివాడల్లోని ఒకటి నుంచి అయిదేళ్ల లోపు పిల్లలు 3,758 మందికి 12 వారాల పాటు రోజూ ఒక సీసా చొప్పున పానీయం ఇచ్చారు. సగం మందికి ఇచ్చిన దానిలో షిరోటా కనిపెట్టిన క్రిమి ఉన్నది. వారిలో విరేచనాలు 14 శాతం తగ్గినట్లు 2011లో ప్రకటించారు. మేలే, కాని కొద్దిపాటి మేలు. దానికి మూడు నెలలు రోజూ సీసా కొనాలి.

మూడవది మన పొరుగున ఒడిశాలో జరిగింది. 149 గ్రామాల్లో 4,556 మంది పసికందులపై జరిపిన ఈ పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. డాక్టర్ పినాకీ పాణిగ్రాహి ఆధ్వర్యంలో, పుట్టిన కొద్ది రోజుల్లోనే మొదలుపెట్టి వారం రోజులు, రోజుకు ఒక మోతాదు చొప్పున ఒక ప్రత్యేక క్రిమిని, దానికి ఆహారంగా ఒక రకం చక్కెరను కలిపి ఇచ్చారు. రెండు నెలలు గమనించారు. రక్తంలో చీము పట్టడం వంటి ప్రమాదమో, మరణమో సంభవించిన పిల్లలు ఉత్త పొడి ఇచ్చినవారిలో నూటికి 9 మంది కాగా, మందు ఇచ్చినవారిలో 5.4 మంది. దేశమంతా గర్వించదగిన ఫలితం ఇది.

కాని ఇక్కడ ఒక సంగతి మరిచిపోరాదు. అది తగినంత బరువుతో పుట్టి, తల్లి పాలు తాగుతున్న పిల్లలపై, ఎంపిక చేసిన ఒకే రకం క్రిమితో, శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో జరిగింది. మందుల షాపులో దొరికే ప్రతి పొట్లంలోనూ అదే క్రిమి ఉండదు. వరి విత్తనాల్లో ఎన్ని రకాలున్నాయో, ప్రోబయోటిక్ క్రిముల్లో అన్ని రకాలున్నాయి. ఒక రకానికి పండిన పంట మరో రకానికి పండుతుందని చెప్పలేం.

కొందరికి ప్రమాదం

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఈ పొడి సాధారణంగా హాని చేయదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకు మాత్రం బతికున్న క్రిమి రక్తంలో చేరి ప్రాణం మీదికి తేవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన ఒక శిశువు మరణించిన తర్వాత అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023లో ఈ విషయమై డాక్టర్లను హెచ్చరించింది. కనుక పసికందుకు డాక్టరు చెప్పకుండా ఏ పొట్లమూ వేయరాదు.

డాక్టరు రాసిచ్చినప్పుడు కూడా కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పొట్లం మీద క్రిమి పేరు, ఎన్ని కోట్ల క్రిములున్నాయన్న సంఖ్య, గడువు తేదీ, ఎంత చల్లదనంలో ఉంచాలన్న సూచన చూడాలి. ఇవన్నీ ముద్రించాలని భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ 2011లో మార్గదర్శకాలు ఇచ్చాయి. ఫ్రిజ్‌లో ఉంచవలసిన మందు ఎండలో ఉన్న షాపులో నెల రోజులు పడి ఉంటే క్రిములు బతకవు. పొడిని వేడి పాలలోనో, పొగలు కక్కే జావలోనో కలిపితే చాలా రకాలు అక్కడికక్కడే చస్తాయి. చల్లారిన వాటిలోనే కలపాలి.

ప్రాణం నిలిపేది ఇదీ

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని పీపాల్లో నింపి జనంతో తాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆయనకు మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ నీరే మన ఓ.ఆర్.ఎస్. పొట్లం.

ఆ పొట్లం మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం సగం కలపరాదు. కలిపినది 24 గంటల్లోగా వాడి, మిగిలితే పారబోయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం నుంచి నిండా పట్టాలి. రెండేళ్లు దాటితే అంతకు రెట్టింపు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో నెమ్మదిగా పట్టాలి. పొట్లం దొరకకపోతే లీటరు నీటిలో ఆరు సమానపు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు.

దీనికి తోడు జింకు బిళ్ల. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు సగం బిళ్ల, ఆరు నెలలు దాటిన బిడ్డకు 20 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి, తల్లి పాలలోనో, నీటిలోనో కరిగించి 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు తగ్గాయి గదా అని మధ్యలో మానరాదు. మళ్లీ రాకుండా కాపాడేది అదే. ఓ.ఆర్.ఎస్., జింకు రెండూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఆశా కార్యకర్తల వద్ద ఉచితంగా లభించాలి.

ఓ.ఆర్.ఎస్. పేరుతో తియ్యని పానీయాలు అట్టపెట్టెల్లో అమ్ముతూ వచ్చారు. వాటిలో చక్కెర ఎక్కువ. అవి విరేచనాలను పెంచుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. షాపులో అడిగేటప్పుడు పొడి రూపంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉన్నది చూసి తీసుకోవాలి.

ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి?

కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా ఆలస్యం చేయరాదు. మలంలో రక్తం పడినా, తాగిందంతా వాంతి అవుతున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా అంతే. రెండు నెలల లోపు బిడ్డకు విరేచనాలు పడితే వెంటనే తీసుకువెళ్లాలి. దారిలో కూడా ఓ.ఆర్.ఎస్. పట్టిస్తూనే ఉండాలి.

అసలు రాకుండా చూసుకోవడం అన్నిటికంటే మేలు. మన రాష్ట్రంలో 2016 నుంచి రోటా వైరస్ టీకాను ఉచితంగా ఇస్తున్నారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే ఈ టీకా తీవ్రమైన విరేచనాల నుంచి పిల్లలను కాపాడుతుంది. దేశంలో తయారైన తొలి రోటా టీకా హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ సంస్థది. ఇక మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, బిడ్డ మలం కడిగాక, అన్నం పెట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం ప్రతి ఇంటా జరగాలి.

అధికారులు చేయవలసినది

వానలు మొదలయ్యే లోగా ప్రతి ఉపకేంద్రంలో, ప్రతి ఆశా కార్యకర్త సంచిలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జింకు బిళ్లలు సరిపడా ఉన్నాయో లేదో వైద్యాధికారులు తనిఖీ చేయాలి. తాగునీటి ట్యాంకులు కడిగించి, బ్లీచింగు చల్లించే పని పంచాయతీలు ముందే పూర్తి చేయాలి. అంగన్‌వాడీ కేంద్రాల్లో తల్లుల చేతనే ఓ.ఆర్.ఎస్. కలిపించి చూపాలి. విరేచనాలకు మందు అడిగి వచ్చిన వారికి ముందుగా ఓ.ఆర్.ఎస్. పొట్లం చేతికిచ్చి, ఆ తర్వాతే మిగతా మాట మాట్లాడే అలవాటు మందుల షాపుల వారు చేసుకోవాలి.

ప్రోబయోటిక్ పొట్లం కొనాలా వద్దా అన్నది డాక్టరుకు వదిలేయవచ్చు. నీళ్లు, తల్లి పాలు, పెరుగన్నం మాత్రం ఎవరి చీటీ కోసమూ ఆగనక్కర్లేదు.